జనరల్ దొరకి నువ్వులూ నీళ్లూ

ఏమిటే భానూ, మళ్లీ ఆ జనరలేనా? నిన్న సాయంత్రం నుంచి ప్రాణం తోడేస్తున్నావు కదే, "తాతా, టెల్ మీ సంథింగ్ అబౌట్ జనరల్ ఎల్‌స్టన్" అంటూ. చెబుతాను, ఆ ఫోన్ అవతల పెట్టు. రికార్డింగా? సరే, చేసుకో, నాకేం భయం. ఏమంది యూనిలో మీ లెక్చరరు? హీరోనా, విలనా తేల్చి రాయమందా? ఇంత అసైన్‌మెంటులో తేలిపోతుందా అది! మా ఇంట్లో ఎనభై ఏళ్లయినా తేలలేదు. రేపు మహాలయ అమావాస్య. పెరట్లో ఆ బార్బెక్యూ పక్కన పీట వేసుకుని, మా నాన్నకీ తాతకీ వదిలినట్టే ఆ మహానుభావుడికీ నువ్వులూ నీళ్లూ వదలాలి నేను. నవ్వకు. నవ్వావంటే చెప్పను.

మా నాన్నా, ఆయన అన్న రాజారావుగారూ, అంటే మా పెదనాన్న, ఇద్దరూ రాజమండ్రిలో పనీపాటా లేక యుద్ధంలో లారీ డ్రైవర్లుగా చేరారు. బ్రాహ్మలకి లారీలేమిట్రా అని మా తాత నెత్తీ నోరూ కొట్టుకున్నాడట. బర్మాలో జపాన్ వాడు తరుముకొస్తున్నాడు, వీళ్లంతా వెనక్కి పరుగు. నది మీద ఒకటే వంతెన. నీ ఎల్‌స్టన్ దొర స్వయంగా వంతెన మొదట్లో నిలబడి లారీలు పంపిస్తున్నాడట. నాన్న లారీ వచ్చింది. బానెట్ మీద ఫట్‌మని ఒక్కటి చరిచి "గో, మ్యాన్, గో!" అన్నాడు. నాన్న దాటేశాడు. పెదనాన్న లారీ వెనకెక్కడో ఉండిపోయింది. తెల్లారేసరికి ఆ దొరే వంతెన పేల్చెయ్యమన్నాడు, జపాన్ వాడు దాటకూడదని. అవతల ఒడ్డున మనవాళ్లు ఎంతమంది ఉండిపోయారో ఎవడికి కావాలి? పెదనాన్న ఉన్నాడో పోయాడో ఈనాటికీ కబురు లేదు. ఆ, రాసుకో, అదే నీ దొర కెరీరు. తరవాత ఆయనకి సర్ బిరుదిచ్చారు, విగ్రహం పెట్టారు. వంతెన పేల్చి ఇండియాని కాపాడాడంటారా? కాపాడే ఉంటాడు. అయితే ఏం చెయ్యమంటావు నన్ను?

మా నాన్నతో వేగలేం తల్లీ. యుద్ధమయ్యాక చాన్నాళ్లకి ఆ దొర పోయాడని పేపర్లో పడింది. పిల్లల్లేరుట. అంతే, ఈయన పట్టుకున్నాడు. "పాపం, నీళ్లు వదిలే దిక్కు లేదురా ఆయనకి. ఆయన గో అనకపోతే నేనెక్కడ, నువ్వెక్కడ?" ఆ ఏటి మహాలయానికి పురోహితుడు సోమయాజులుగారికి చెమటలు పట్టాయి. "దొరగారి గోత్రం?" ఏం చెబుతాం! గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చుగా, అదే చెప్పారు. యుద్ధం చేసేవాడు కదా అని పేరు చివర వర్మ తగిలించారు. కాశ్యప గోత్రం, ఎల్‌స్టన్ వర్మాణం, తర్పయామి! మాకు నవ్వాగక గుడ్డలు నోట్లో కుక్కుకున్నాం. దొర కంటే ముందే వరసలో అన్నదమ్ములు వస్తారు. సోమయాజులుగారు కాస్త ఆగి, గొంతు తగ్గించి, "అన్నగారూ..." అనేవారు. నాన్న తలెత్తకుండా "ఉన్నారు. తరవాతది చదవండి" అనేవాడు. ప్రతి ఏడూ ఇదే. ఒళ్లు మండిపోయేది నాకు. అన్నని అవతల వదిలేసినవాడికి నీళ్లిస్తావు, అన్నకి చుక్క ఇవ్వవేం నాన్నా అని ఒకసారి నిలదీశాను. వంటింటి వైపు చూసి, నోరు ముయ్యమన్నాడు.

వంటింట్లో మా దొడ్డమ్మ ఉంది కదే. పెదనాన్న భార్య. ఆయన పోయాడని ఒక్క చుక్క నీళ్లు వదిలితే చాలు, ఆవిడ బొట్టు చెరిపేస్తారు, గాజులు పగలగొట్టేస్తారు. ఆ రోజుల్లో అంతే. మా నాన్న "ఉన్నారు" అన్నంత కాలం ఆవిడ ముత్తయిదువ. ఇంకో సంగతి చెప్పనా, ఆ దొర కోసం నువ్వులు కడిగి ఇచ్చేది దొడ్డమ్మే. "ఆయన పోయినట్టు పేపర్లో పడిందిగా మరిదీ, ఆయనకి వదలండి. పేపర్లో పడనివాళ్ల మాటెందుకు?" అనేది. ఆ దొర మీద కోపం లేదా దొడ్డమ్మా నీకు అంటే, "మీ నాన్ననయినా పంపించాడు కదరా" అంది. ఏం మనుషులమ్మా వీళ్లు! నాకు మాత్రం ఆ దొర పేరెత్తితే ఇప్పటికీ మండుతుంది, అయినా వదులుతూనే చస్తున్నాను.

ఇప్పుడు ఈ పరాయి దేశంలో మనకి దొరికిన పురోహితుడు, ఈ ఉపేంద్ర ఒకడు. పగలు సాఫ్ట్‌వేరూ, తీరిక దొరికితే పౌరోహిత్యమూనూ. పొద్దున ఆ పక్క పేట పెండిల్ హిల్ నుంచి ఫోను. "అంకుల్, మీకే డెబ్భై ఎనిమిది. మీ పెదనాన్నగారు ఇంకా ఉన్నారంటే ఎలా అంకుల్? మీ దొడ్డమ్మగారు పోయి కూడా ముప్ఫై ఏళ్లయింది, ఇంకెవరి బొట్టు కోసం? రేపు కలిపేద్దాం." నువ్వూ అదే అంటున్నావు, జనరల్ని తీసేసి ఆయన్ని పెట్టు తాతా అని. ఎంత తేలికే మీకు! వినడానికి సబబుగానే ఉంటుంది, కాదన్నానా?

దొడ్డమ్మ పోయే ముందు నన్ను పిలిచింది. నాన్న అప్పటికే లేడు. ఇంత బొట్టు పెట్టుకుని పడుకుంది. చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, మీ పెదనాన్న వస్తే, పుణ్యస్త్రీగానే పోయానని చెప్పు. మర్చిపోకు" అంది. చెబుతానన్నాను. మాటిచ్చానే. రేపు ఆయనకి నీళ్లు వదిలేస్తే... మరి ఆ మాట ఎవరికి చెప్పను?

ఆపెయ్ ఆ రికార్డింగు. చినుకులు పడుతున్నట్టున్నాయి, వెనక బట్టలున్నాయి, తీసుకురా పో.