మా అన్నయ్య బుగ్గ మీద జారిన దోమ

మా అన్నయ్య ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. రిటైరయ్యాక నోరు నడుపుతున్నాడు. ఆ సాయంత్రం మా మెట్ల మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే కింది వాటా టైలరూ, ఎదురింటి ఇస్త్రీ ఆయనా వచ్చి చేరారు. నేను గుమ్మంలో కూర్చుని దిండు గలీబులు మడతపెడుతున్నాను.

నా కూతురు లోపల, కిటికీ పక్కన ఉంది. అయిదు వారాల కిందట కొత్త క్రీము ఏదో రాసుకుంటే ముఖమంతా దద్దుర్లు లేచి కళ్ళు మూసుకుపోయాయి. డాక్టరమ్మ అన్నీ మాన్పించింది. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని లేపనం, చప్పిడి పథ్యం. మూడు రోజులకొకటి చొప్పున కొత్త పదార్థం చేర్చి చూడమంది. తగ్గుముఖం పట్టింది. పదో రోజున ఆ చప్పిడి కూడు మింగలేక పిల్ల ఏడుస్తుంటే చూడలేక, కూరలో చెంచాడు వేరుశనగ పొడి కలిపాను. చెప్పలేదు. గంటలో పెదవులు ఉబ్బాయి, ఊపిరి బిగుసుకుంది. ఆసుపత్రిలో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

అప్పటినుంచి తన వంట తనే వండుకుంటోంది. నా చేతి మంచినీళ్ళు కూడా ముట్టదు.

అన్నయ్యకు ఇదంతా తెలుసు. కిటికీ వైపు ఓసారి చూసి గొంతు పెంచాడు.

"దద్దుర్లు నాకూ వచ్చాయిలేండి. పాతికేళ్ళప్పుడు. కొత్త వాచీ కట్టా, పట్టా కింద శనగగింజంత కందింది, అంతే. పొద్దుగూకేసరికి మోచెయ్యి, తెల్లారేసరికి ఒళ్ళంతా. గోక్కోవడానికి నా రెండు చేతులూ చాలవే! కండక్టర్ని కూడా గోకమన్నా."

"మరి టికెట్లెవరు కొట్టారు?" అన్నాడు టైలరు.

"దిగేవాళ్ళు దిగుతూ దిగుతూ తలో గోకుడూ గోకి దిగేవారు, నువ్వు మధ్యలో అడ్డురాకు. సరే, డాక్టరు పథ్యం రాశాడు. పొద్దున సొరకాయ, మధ్యాహ్నం సొరకాయ, మార్పు ఉండాలని సాయంత్రం కూడా సొరకాయ. గోరువెచ్చని నీళ్ళు, చిటికెడు లేపనం, సబ్బు మాట ఎత్తకూడదు. మూడంటే మూడు రోజులు! దురద తోక ముడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదంటే ఆగుతావా ఏం," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"వారం తిరిగేసరికి ఒళ్ళు నునుపెక్కింది. ఎంత నునుపంటే, దోమొకటి వచ్చి బుగ్గ మీద వాలి, సర్రున జారి, కాలు విరిగి కుంటుకుంటూ పోయింది. ఈ కళ్ళతో చూశా. పదో రోజుకి ఒంటి మీద చొక్కా నిలవదే! తొడుక్కోవడం, జారిపోవడం."

"లోపల గరుకు గుడ్డ వేసి కుట్టించుకోవాల్సింది."

"కుట్టించా! అదీ జారింది. ఇక పదిహేనో రోజు. కొండదారి, పొగమంచు, హెడ్‌లైట్లు రెండూ టపామన్నాయి. నలభై మంది ప్రాణాలు! కిటికీలోంచి తల బయటపెట్టా. అంతే, బుగ్గల మెరుపుకి మైలు దూరం పట్టపగలు! ఎదురొస్తున్న లారీవాడు బ్రేకేసి, 'అన్నా, నీకో దండం, డిమ్ కొట్టు' అని ఏడ్చాడు."

"ముఖానికి డిమ్ ఎలా కొట్టావయ్యా?"

"కళ్ళు మూసుకున్నా."

"కళ్ళు మూసుకుని కొండదారిలో బస్సా!"

కిటికీ లోపల చిన్న నవ్వు వినిపించింది. అయిదు వారాల్లో మొదటిది. నా చేతిలో గలీబు అలాగే ఆగింది.

అన్నయ్య కూడా విన్నాడు. ఇక పట్టపగ్గాల్లేవు.

"అయితే ఒక్క మాట. ఈ గొప్పంతా నాది కాదు. గుమ్మంలో కూర్చుంది చూడండి, నా చెల్లెలు, దీనిది. నాకు వండిపెట్టింది ఇదే. మెతుకు మెతుకూ తూచి వడ్డించేది. పక్కింటి పోపు ఘాటు మా గోడ దాటితే విసనకర్రతో వెనక్కి తోలేది! వంద రోజులు. ఒక్క పొరపాటు, ఒక్కటంటే ఒక్కటి, దీని చేతిలో జరిగితే నా చెవి కోసిస్తా!"

లోపల పిల్ల వింటోంది. నేను ఊరుకుంటే చాలు, నమ్మేస్తుంది.

"జరిగింది, అన్నయ్యా," అన్నాను.

"నువ్వుండవే."

"రెండో వారంలో. సొరకాయ తినలేకపోతున్నావని రొయ్యలు మెత్తగా నలిపి అన్నంలో కలిపాను. నీకు చెప్పలేదు. గొంతు వాచిపోయింది నీకు. నాన్న అడిగితే దొంగతనంగా నువ్వే తిన్నానన్నావు. తగ్గింది మూడు రోజుల్లో కాదు. నాలుగు నెలలకు."

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"అప్పుడూ జాలే. ఇప్పుడూ జాలే," అన్నాను. "ఒళ్ళు వాళ్ళది. నేను అడగలేదు."

తలుపు కదిలింది. నా కూతురు గుమ్మంలోకి వచ్చింది. బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు ఇంకా ఉన్నాయి. కప్పుకోలేదు. నా వైపు చూడలేదు.

"అమ్మ వంట మళ్ళీ ఎప్పుడు తిన్నావు మామయ్యా?"

"పదకొండు రోజులు ముట్టలేదమ్మా." అంత చిన్న గొంతు అన్నయ్యకు ఉందని నాకు తెలీదు. "పన్నెండో రోజు ఆకలేసింది."

"నమ్మకం కుదిరిందా?"

"ఎక్కడ కుదురుతుంది? వండినంతసేపూ పక్కనే నిలబడ్డా. నెలపాటు అంతే. ఆ తర్వాత ఎప్పుడు మానేశానో గుర్తులేదు."

పిల్ల నా వైపు తిరిగింది.

"అయితే పద అమ్మా. నేనూ నిలబడతా."

పొయ్యి వెలిగించాను. భుజం పక్కనే నిలబడింది. ఒక్కో డబ్బా మూత నాచేత తీయించి, వాసన చూసి, ఊఁ అంది. ఉప్పు డబ్బా కూడా వదల్లేదు.