వంకాయ మీద పడ్డ నేరం

ఏంటీ, చంటోడికి మోచేతి మడతల్లో దురదలా? గుడ్డు మాన్పించమంటావా అని నన్నడుగుతున్నావా? అడగడానికి ఈ మామ్మే దొరికిందిటే నీకు. సరే, కూచో, చెప్తాను.

నీకప్పుడు ఆరేళ్ళు. కాదు, ముందు పళ్ళు ఊడేయి కదా, ఏడు. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనకా ఎర్రగా కందిపోయి రసి కారేది. గోక్కుని గోక్కుని రక్తం వచ్చేది. తామరన్నారొకరు, గజ్జన్నారొకరు. ఎగ్జిమా అన్న పేరు తర్వాత తెలిసిందిలే. పేరు ఏదైనా పత్యం మాత్రం అందరూ చెప్పేరు. మీ పెదతాతగారు అరుగు మీంచి లేవకుండానే "వంకాయ ఆపేయండమ్మా" అన్నారు. ఆయ్, ఆపేసేం. పక్కింటి సుబ్బలక్ష్మి "గోంగూర మహా దురదండీ పిన్నిగారూ" అంది. అదీ పోయింది. రాజోలు నుంచి మా ఆడపడుచు వచ్చి చేపలు తీసేసింది, బస్సెక్కుతూ గుడ్డు కూడా తీసేసింది. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, నీ కంచంలోంచి ఒకటి తీసేసి వెళ్ళేవారు. చివరికి నీకు చారూ అన్నం మిగిలింది. పనసపొట్టు కూర వండితే మేం తలుపేసుకుని తినేవాళ్ళం. పనసకాయ అప్పుడింత పిరం కాదులే, ఊరికే ఇచ్చేవారు.

దురద తగ్గలేదు, నువ్వు మాత్రం పుల్లలా అయిపోయేవు. ఒకరోజు సుబ్బలక్ష్మి వచ్చింది. "పిన్నిగారూ, మీ మనవరాలు మా వంటింటి గుమ్మంలో నిలబడి, మామ్మకి చెప్పకండి అత్తయ్యగారూ, ఒక్క వంకాయ ముక్క పెట్టండి అందండీ" అని కళ్ళొత్తుకుంది. గోంగూర ఆపించిన మనిషేనే! నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే నిన్ను అమలాపురం తీసుకెళ్ళేను. డాక్టరుగారు నీ పక్కటెముకలు చూసి "ఏం పెడుతున్నారండీ?" అన్నారు. "ఏమీ పెట్టట్లేదండీ, కటిక పత్యం" అన్నాను, గొప్పగా. "ఫలానాది తిన్నాక దురద పెరగడం మీరు చూసేరా?" చూళ్ళేదండీ. "స్నానం దేంతో?" అదా, మా తమ్ముడు కువైట్ నుంచి పంపిన సెంటు సబ్బండీ అన్నాను. వీధి చివరిదాకా వాసన వెళ్ళాలని పూటపూటా నిన్ను రుద్దేదాన్ని కదూ. ఆయన సబ్బు ఆపించి, అన్నీ తినిపించమని, ఒళ్ళు తడారకముందే రాయమని ఆయింట్‌మెంటు రాసేరు. నెల తిరక్కుండా చర్మం నెమ్మదించింది. చలికాలంలో మళ్ళీ కాస్త వచ్చేదనుకో.

సబ్బుని ఎవరనుమానిస్తారే? కువైట్ నుంచి వచ్చిందాయె. వంకాయకి అక్కడ చుట్టాల్లేరు, నేరం దాని మీద పడింది. మీ పెదతాతగారు మాత్రం పోయేదాకా, అన్నాళ్ళు వంకాయ మాన్పించబట్టే తగ్గిందని చెప్పుకున్నారు.

అంచేత ఊళ్ళోవాళ్ళ మాట పట్టుకుని ఏదీ ఆపకు. నా మాటా వినకు, డాక్టరుకి చూపించు. గుడ్డు వల్లేనని ఆయన తేలిస్తే అప్పుడు ఆ గుడ్డొక్కటే ఆపు. నువ్వు మర్చిపోయేవేమో గానీ, నీకు పెట్టకుండా మింగిన ముద్దలు నాకింకా గుర్తే తల్లీ.

ఏదీ, వాణ్ణిలా ఇయ్యి. ఎవరి గుమ్మంలోనూ అడగక్కర్లేకుండా, కడుపు నిండా తిని పెరుగు నాయనా.