బెండు పుల్లకి రెండు ముడులు

లేదండీ ఆల్టన్ గారూ, ఆగిపోయిందని ఇంజనుని తిట్టకండి. దాని తప్పేం లేదు. మీరు చుక్కాని దగ్గరే కూర్చోండి, నేను చూస్తాను కదా. ఈ మంచులో తొందరపడి ఎక్కడికి పోతాం? అటు మీ దీవీ కనపడదు, ఇటు నన్ను దింపేయాల్సిన ఒడ్డూ కనపడదు. నడి సముద్రంలో మనిద్దరం, నా సంచీ, నా పనిముట్ల పెట్టె.

మీ గొడవంతా నా వల్లేనని నన్ను దీవి నుంచి పంపేస్తున్నారు, సరే. పోయేముందు నాలుగు మాటలు మాట్లాడతాను. చేతికి పనుంటే నా నోరు ఆగదని లెట్టీ కూడా అంటుంది. మీ అమ్మాయి పేరెత్తొద్దన్నారు కదూ. ఎత్తేశాను, ఏం చేస్తాం.

ఈ ఇంజను చూడండి. విప్పి చెక్క మీద పరిస్తే మీకు గుండె జారిపోతుంది, అన్ని ముక్కలు. అయినా ప్రతి ముక్కకీ ఒక చోటుంది. ఏది చెడిందో పట్టుకుని మార్చామా, మళ్ళీ పలుకుతుంది. అలగదు. మీ నాన్న నన్నేమన్నాడో తెలుసా అని పాత పగ తీయదు. మీ రేవులో నేను చెయ్యి పెట్టని పడవ లేదు. అందుకే కదా, బయటివాణ్ణయినా ఇన్నాళ్ళూ మీ మధ్య ఉండనిచ్చారు.

నా బుద్ధి ఎక్కడ గడ్డి తిన్నదంటే, మీ రేవు కూడా ఒక ఇంజనే అనుకున్నాను.

మీ నీళ్ళల్లో నేను లాబ్‌స్టర్ బోన్లు వేసింది లెట్టీ కోసమేనండీ. పానాలు తిప్పేవాడికి పిల్లనిస్తారా? లాబ్‌స్టర్లు పట్టేవాడికైతే ఇస్తారని నా ఆశ. బోను ఎక్కడుందో తెలియడానికి పైన తేలే బెండ్లకి పసుపు రంగు వేశాను. ఆమె చలికాలం మెడకి చుట్టుకునే రుమాలు రంగది. పొద్దుటి ఎండలో నీళ్ళ మీద ఊగుతుంటే, ఆమె అక్కడ నిలబడి తలూపుతున్నట్టే ఉండేది. నవ్వుకోండి పోనీ.

తర్వాత ఒక పొద్దున నా బెండుకి గుచ్చిన పుల్లకి, ఎవరో తాడుతో వేసిన రెండు ముడులు కనబడ్డాయి. ఈ మెయిన్ రాష్ట్రపు తీరంలో పుట్టినవాడికి దానర్థం ఒకరు చెప్పాలా? ఇవి మా నీళ్ళు, నీ బోన్లు తీసుకుపో, లేకపోతే ఈసారి తాడే కోస్తాం. మా రేవులోనూ అంతే.

బుద్ధున్నవాడైతే బోన్లు లాక్కుని గమ్మునుంటాడు. నేనేం చేశాను? చెడిన ముక్క ఏదా అని వెతికాను. ముడి తిరిగిన తీరు చూస్తే ఎడమచేతివాటం. రేవులో ఎడమచేతివాడు ఎవరు? మీ తమ్ముడు లైల్. ఇంకేం, దొరికిందనుకున్నాను. ఆయన పడవ ఇంజను మొత్తం విప్పి, ఊరికే బాగుచేసిచ్చి, ఆ ముడి విప్పెయ్యండి అని అడిగాను.

వేసింది నేను కాదని ఆయన అనలేదు. అంటే అనుమానం ఇంకొకరి మీదికి పోతుంది కదా, అందుకని. అందరూ చూస్తుండగానే వెళ్ళి విప్పాడు.

అంతే. ఆ వారమే లైల్ బోన్ల తాళ్ళు తెగాయి. ముడి విప్పి బయటివాణ్ణి రానిచ్చాడని ఎవరికి మండిందో. ఆయనేమో పక్క నీళ్ళు మీవి కాబట్టి మిమ్మల్ని అనుమానించాడు. మీకు రోషం వచ్చింది. ఎర అమ్మే ఆవిడ ఎవరి పక్షమని అడుగుతారేమోనని మీ ఇద్దరికీ ఎర ఆపేసింది. పాపం, ఆవిడ మంచిదే. లైల్ మంచివాడే. మీరూ మంచివారే. అందులో చెడిన ముక్క ఒక్కటీ లేదండీ. నేను మాత్రం పానా పట్టుకుని తిరుగుతున్నాను.

తాళ్ళ చిక్కయితే ఓపికుంటే విడుతుంది. తాడుకి పట్టిన నాచు అలా కాదు. ఒక పోగు పీకితే, ఎక్కడెక్కడిదో ఊడొస్తుంది. అది చిక్కుకోలేదు, అలాగే పెరిగింది.

నిన్న సాయంత్రం లెట్టీ ఎర బుట్టల వెనక నన్ను పట్టుకుని ఏడ్చింది. కోపంగా చూడకండి, వినండి. ఆ ముడి వేసింది తను.

అవునండీ. మీ పడవ మీద మీతో తను బోన్లు లాగేది ఎడమ చేత్తోనే కదా? మీకు తెలీదా, నాకు తెలీదా? పక్కనున్న మనిషి చెయ్యి నాకు గుర్తే రాలేదు.

"మొద్దూ," అంది, "అది నిన్ను పొమ్మని కాదు. ముడి ఒకరు వేశాక రెండోవాడు కత్తి తీయడు, వేసినవాడి మాట కోసం ఆగుతాడు. అది ఉన్నన్నాళ్ళూ నీ జోలికి ఎవరూ రారని వేశాను. దాన్నే విప్పించావు."

నన్ను కాపాడుతున్నదాన్నే చెడిన ముక్క అనుకున్నాను, చూశారా.

మీ బోన్లలో మొదటి అరని వంటిల్లంటారు, రెండోదాన్ని ముందుగది అంటారు. లాబ్‌స్టరు వంటింట్లో ఎర తిని, హాయిగా ఉందని ముందుగదిలోకి నడుస్తుంది. వచ్చిన దారి కళ్ళెదురుగానే ఉంటుంది, కానీ పోలేదు. నేనూ మీ వంటింట్లో చేపల పులుసు తిన్నవాణ్ణే.

ఈ మాట చెప్తే లైల్ మీద మీ కోపం చల్లారుతుందేమో. లెట్టీ మీద రాజుకుంటుందేమో. చెప్పకపోతే మీ అన్నదమ్ములు ఇలాగే విడిపోతారు. రాత్రంతా లెక్క వేశాను. ఏది లాగితే ఏది ఊడుతుందో తేలలేదు. చెప్పొద్దని తను ఒట్టేయించుకుంది కూడా. అయినా చెప్పేశాను.

ఏమిటి? ఇంజనా?

దానికేం కాలేదండీ. కోటు తీసుకుంటానని కిందికి దిగాను చూడండి, అప్పుడు డీజిల్ కుళాయి కట్టేశాను. నేనే. ఒడ్డుకి చేరితే మీరు నా మాట వినరని. ఇదిగో, తిప్పాను.

తాళం తిప్పండి. పలుకుతుంది, దానికి నాది పూచీ. పడవ ముక్కు మీ దీవి వైపు తిప్పుతారో ఒడ్డు వైపు తిప్పుతారో, దానికి మాత్రం నా దగ్గర పానా లేదు.