సరస్సును తిప్పిన రికార్డు

1998 మార్చి 6, శుక్రవారం. పొద్దున సన్నగా వాన పడి, పడింది పడ్డట్టే గడ్డకట్టింది. మధ్యాహ్నానికి విస్కాన్సిన్‌లోని ఆ బంగాళాదుంపల ఊళ్ళో రోడ్లన్నీ గాజు పలకలయ్యాయి. అయినా ఉపవాస శుక్రవారపు చేపల భోజనం ముగించుకుని, గోడలు పట్టుకుని నడుస్తూ, చర్చివాళ్ళ పాత సామాన్ల దుకాణం వెనక గదికి నలుగురూ చేరారు.

ఆ గదికి ఒక కట్టుబాటుంది. వారంలో ఎవరికి మంచి రికార్డు దొరికినా శుక్రవారం తేవాలి. అది ఎక్కడ ఎలా దొరికిందో ముందు చెప్పాలి. తర్వాత పెట్టి వినిపించాలి. విన్నాక, అడిగినవాళ్ళకి ఇచ్చేయాలి. చెప్పేవాడు ముగించకముందే రికార్డు చూపించమనడం మర్యాద కాదు.

కిటికీ పక్క కుర్చీలో డెల్ఫీన్ కూర్చుంది. జనవరిలో ఆమె భర్త ఫ్లోరియన్ పోయాడు. ఇల్లు సర్దుతూ భక్తిగీతాల రికార్డులున్న పెట్టెలు రెండు తనే ఈ దుకాణానికి పంపింది. పంపిన మూడో రోజున ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ ఊరి కేథలిక్ ఇళ్ళలో ఈస్టరుకు ముందు నలభై రోజులూ డాన్సు పాటలు నిషిద్ధం. అత్తగార్లు పోల్కా రికార్డులు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. కోడళ్ళు ఊరుకుంటారా? తమకు కావలసిన పోల్కాలు ముందే తీసి భక్తిగీతాల అట్టల్లో దాచేవాళ్ళు. డెల్ఫీన్ కూడా నలభై ఏళ్ళ కిందట అలాగే దాచి, ఆ సంగతే మర్చిపోయింది. దాచింది, ఫ్లోరియన్ కాన్సర్టీనా అనే చేతి హార్మోనియం వాయించిన పోల్కా బృందం తీసిన ఒకే ఒక్క రికార్డు. అప్పట్లో యాభై కాపీలు వేస్తే, మిగతావన్నీ ఊరి పెళ్ళిళ్ళలో అరిగిపోయాయి. పరుగున దుకాణానికి వచ్చేసరికి పెట్టెల్లో సగం అమ్ముడుపోయాయి.

అప్పటినుంచీ ప్రతి శుక్రవారం అడుగుతూనే ఉంది. కిందటి వారం మాత్రం అడగలేదు. "ఆయన గొంతు మర్చిపోతున్నాను. నిన్న ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు," అని ఊరుకుంది.

ఈ రోజు రికార్డు తెచ్చింది ఎర్విన్ కుర్జావా. ఫ్లోరియన్ బృందంలో డ్రమ్ములు వాయించినవాడు, దుంపల రైతు, మాటల్లో మాత్రం జమీందారు. కోటు విప్పలేదు. లోపల ఛాతీకి ఆనించి ఏదో పట్టుకున్నాడు.

"పెద్ద విశేషమేం కాదులే," అని మొదలుపెట్టాడు. "మొన్న మంగళవారం దులూత్ దాకా వెళ్ళొచ్చాను."

"నీ బండి మా ఇంటి మలుపు దాటాలంటేనే మూడుసార్లు దగ్గుతుంది కదరా," అన్నాడు రోమన్. ఇతను ఫ్లోరియన్ తమ్ముడు. డెల్ఫీన్ తెచ్చే కేకు కోసం వస్తాడు, ఎగతాళికి కూర్చుంటాడు.

"దగ్గుతుంది గానీ ఆగదు. అక్కడో పాత సామాన్ల కొట్టు. అడుగున ఒక భక్తిగీతాల రికార్డు. పట్టుకుని లాగితే రాదే! అవతలి కొస చూస్తే లూథరన్ పాస్టరు చేతిలో ఉంది. నేనో కొస, ఆయనో కొస. పదింటికి మొదలెట్టి మూడింటిదాకా లాక్కున్నాం. మధ్యలో వాళ్ళావిడ వచ్చి, చేతులు ఖాళీ లేవు కదా పాపం, ఇద్దరికీ తలో కేకు ముక్క నోట్లో పెట్టి పోయింది."

"ఏం కేకు?" అన్నాడు రోమన్.

"గసగసాలది. చివరికి ఆయనకి తుమ్మొచ్చింది, రికార్డు నాకొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు తుఫాను. రోడ్లు మూసేశారు. సరే, సరస్సు గడ్డకట్టే ఉంది కదా, దాని మీదుగా పోదామని బండి దింపాను. సరిగ్గా నడిమధ్యకి వచ్చాక దగ్గింది. ఈసారి ఆగింది. చుట్టూ చేపలు పట్టేవాళ్ళ చెక్క గదులు నలభై, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. చావు ఖాయం, పోయేముందు ఒక దేవుడి పాట విందామని బండిలోని బ్యాటరీ గ్రామఫోను మీద రికార్డు పెట్టాను. దేవుడి పాటా? నా బొంద! పోల్కా!"

డెల్ఫీన్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "ఏ పోల్కా, ఎర్విన్?"

"ఉండు వదినా, మధ్యలో అడక్కు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "రెండో చరణంలో నా కాలు ఆడింది. మూడో చరణంలో చెక్క గది ఆడింది. ఇంకాసేపటికి కిర్రుమని శబ్దం. చూస్తే సరస్సు తిరుగుతోంది! మూడడుగుల మందం గడ్డ, నేనూ నా బండీ నలభై చెక్క గదులతో సహా, అచ్చం రికార్డులాగే నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు, ఒక్క చుట్టు ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"నువ్వే లెక్కపెట్టావా?" అంది దుకాణం చూసుకునే హిల్డా.

"వేరే పనేముంది నాకు? చేపలు కన్నాల్లోంచి తలలు బయటపెట్టి, ఆడవి ఒక వరస, మగవి ఒక వరస. అప్పుడు గడ్డకు కన్నం వేసే బర్మా తీసి ఇలా మోపాను. అంతే! బర్మా ముల్లయింది, సరస్సు రికార్డయింది, ఏడు జిల్లాలకు వినపడింది! ఆవులు పాలు మానేసి ఏకంగా వెన్నే ఇచ్చాయి. ఉపవాస దినాల్లో పోల్కా ఏమిట్రా అని బిషప్పుగారు తిట్టడానికి వచ్చి..."

"వచ్చి?"

"వచ్చి ఏముంది, టోపీ నాకిచ్చి, చేపతో ఆడారు."

హిల్డా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. డెల్ఫీన్ నవ్వలేదు. ఆమె అతని చేతినే చూస్తోంది. ఎర్విన్ కథలో సరస్సు కరిగింది, ఇక అయిపోయిందనుకుంటే వరద వచ్చింది. వరద తగ్గింది, ఇక అయిపోయిందనుకుంటే గవర్నరు మనుషులొచ్చారు. రెండుసార్లు కథ ఒడ్డుకు వచ్చింది. రెండుసార్లూ ఎర్విన్ దాన్ని మళ్ళీ నడి సరస్సులోకి తోశాడు. గొంతు బొంగురుపోతున్నా ఆపడం లేదు.

"ఎర్విన్," అంది డెల్ఫీన్, మర్యాద తప్పుతున్నానని తెలిసే. "చూపించు."

ఎర్విన్ కోటు గుండీలు విప్పాడు. అట్ట మీద నీలి అంగీల గాయకబృందం. ఆమె అత్తగారి రికార్డు అట్టే అది.

హిల్డా కళ్ళజోడు పెట్టుకుని అట్ట వెనక్కి తిప్పింది. "ఏమయ్యా, దులూత్‌లో ధర చీటీలు కూడా నేనే రాస్తున్నానా? ఇది నా చేతిరాత. పసుపు చీటీ. వారానికో రంగు అంటిస్తాను, పసుపు జనవరి మూడో వారానిది. ఇది ఆ పక్క అరలోంచి పోయింది. నీ కుర్చీకి ఎనిమిదడుగులు."

రోమన్ పకపకా నవ్వబోయి, వదిన ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

"పెట్టెలొచ్చిన రోజే కొన్నాను," అన్నాడు ఎర్విన్. అంత చిన్న గొంతు అతనికి ఉందని అక్కడెవరికీ తెలియదు. "లోపల ఏముందో ఇంటికెళ్ళి చూసుకున్నాను. ఆ సాయంత్రమే నీకు తెచ్చిద్దామనుకున్నా వదినా. గీతలు పడ్డాయేమోనని ఒకసారి పెట్టి చూశాను. అందులో ఫ్లోరియన్ నవ్వాడు. ఇంకొక్క రోజు ఉంచుకుందామనుకున్నాను. అలా ఆరు వారాలు. ప్రతి శుక్రవారం తెచ్చాను, బండిలోనే వదిలేసి లోపలికొచ్చాను. కథ చెప్పడం అయిపోతే ఇచ్చేయాలి కదా."

డెల్ఫీన్‌కి ఆరు వారాలు తను నిద్రపట్టక ఆ ఇంట్లో తిరగడం గుర్తొచ్చింది. పక్క వీధిలో ఇతను, ఆ ముల్లు పెట్టి తీసి, పెట్టి తీసి.

"నీ మీద కోపంగా ఉంది," అంది. "చాలా కోపంగా ఉంది. పెట్టు."

"ఈ నలభై రోజులూ పోల్కాలు వద్దు కదమ్మా," అంది హిల్డా.

"అట్ట మీద భక్తిగీతాలనే ఉంది. పెట్టు."

చిటపటలు. కాన్సర్టీనా ఊపిరి తీసుకుంది. రెండో చరణం మొదట్లో డ్రమ్ము రావలసిన చోట రాలేదు. ఆ ఖాళీలో కుర్రవాడిగా ఉన్నప్పటి ఫ్లోరియన్ గొంతు నవ్వుతూ అరిచింది: "ఎర్విన్, ఎక్కడ చచ్చావురా!"

డెల్ఫీన్ రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో రోమన్‌కి అంతుపట్టలేదు. ఎర్విన్ తన మోకాళ్ళ మీద, తప్పిన ఆ దెబ్బకు సరిగ్గా ఒక క్షణం ఆలస్యంగా, వేళ్ళతో వాయించాడు.

రికార్డు ఆమె ఇంటికి వెళ్ళింది. ఆదివారాల్లో ఎర్విన్ అక్కడికి వెళ్ళి వినేవాడు. ఆమె ఒక్కసారే పెట్టేది, రెండోసారి అడిగితే కాఫీ ఇచ్చి పంపేది.

2004 నవంబరులో డెల్ఫీన్ పోయింది. ఇల్లు చెల్లెలి కూతురికి వచ్చింది. కాన్సర్టీనా చర్చికి. నీలి అంగీల అట్ట, ఖాళీగా, హిల్డాకు. ఇరవై ఏళ్ళు ఆమె కేకు తిన్న రోమన్‌కు ఏమీ రాలేదు. రికార్డు మామూలు తెల్ల కాగితంలో చుట్టి ఎర్విన్‌కు వచ్చింది. ఇది నీకెక్కడ దొరికిందని శుక్రవారం గదిలో కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "మా వదిన ఇచ్చింది" అని ఊరుకునేవాడు.