మూతతో కొలిచిన మజ్జిగ

సుగుణ ఉందే, సింగయ్య పెళ్ళాం, ఆ పిల్ల పెళ్ళికి ముందు టౌన్లో మందుల షాపులో చేసేదంట. మందుల షాపంటే తెలుసుగా, అన్నీ ఇంగ్లీషు మాటలే. మినిమం ఇంత, మాక్సిమం ఇంత, ఒక్క చుక్క ఎక్కువైందా, మనిషి దక్కడు అని నేర్పారంట. అది ఆ పిల్లకి నరనరానా ఎక్కిపోయిందనుకో. కాపరానికొచ్చినా నోట్లో ఆ రెండు మాటలే. బియ్యం మినిమం ఎన్ని పొయ్యాలి అంటది, పప్పు మాక్సిమం ఎంతసేపు ఉడకాలి అంటది. సింగయ్య నవ్వి ఊరుకునేవాడు. మంచి పిల్లేనండీ, పిసినారిది కాదు, ఆ మాట ముందే చెప్తన్నా, తర్వాత నన్ననబాకండి.

వాళ్ళకి మూడు బర్రెలు. అత్త బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే చిలికి వీధి వీధంతా మజ్జిగ పోసేది. మన ఆడోళ్ళు ఎట్టా అడుగుతారు? గిన్నె కొంగు చాటున పెట్టుకుని పోయి, చుక్క మజ్జిగుంటే పొయ్యమ్మే అంటారు. చెంబెడు పొయ్యమని ఎవరన్నా అంటారా? అనరు. అత్త పోయింది, కవ్వం ఈ పిల్ల చేతికొచ్చింది. ఏమైందంటే, పక్కింటి మాలకొండమ్మ వచ్చి చుక్క మజ్జిగ పొయ్యమంది. 'మినిమం ఎంత కావాలక్కా?' అందంట ఈ పిల్ల. 'చుక్క చాల్లే అమ్మే' అంది ఆమె, మర్యాదకి. అంతే, లోపలికి పోయి దగ్గుమందు సీసా మూత తెచ్చి, నిండా కొలిచి గిన్నెలో పోసిందంట! గిన్నె అడుగన్నా సరిగ్గా తడవలా. మాలకొండమ్మ గిన్నెలోకి చూసింది, ఈ పిల్ల మొహంలోకి చూసింది, కొంగు సర్దుకుని ఎల్లిపోయింది. మర్నాడు ఇంకొకామె వచ్చింది, ఆమెకీ మూతే. ఆ మర్నాడు ఇంకొకామె, ఆమెకీ మూతే. నాలుగోనాడు ఎవరూ రాలా. మిగిలిన మజ్జిగ కుడితిలో పోతంది. అయినా ఈ పిల్ల, అడిగినోళ్ళకి అడిగినంత ఇచ్చాగా అని నిమ్మళంగా ఉందంట.

ఇట్టుండగా ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల్లో వెయ్యాలి. వీధి ఆడోళ్ళు చుట్టూ చేరి పాట పాడితేనే కదా మన పక్క బిడ్డకి పేరు పెట్టేది. సుగుణకి తల్లి లేదు, అత్త లేదు, వీధే దిక్కు. సింగయ్యతో పిలుపు పంపింది. ఏమని? పదకొండుకి రండి, ఇంటికి మాక్సిమం ఇద్దరు, అని. సింగయ్య పాపం తల గోక్కుంటా అట్టాగే చెప్పొచ్చాడంట. ఇంక చూడు! పన్నెండైంది, ఒంటిగంటైంది, వండిన అన్నం వండినట్టే ఉంది. ఒక్క మనిషి రాలా. పేరు లేని బిడ్డ ఉయ్యాల్లో కేరుమంటంది, ఈ పిల్ల తాడు పట్టుకుని కళ్ళనీళ్ళు కుక్కుకుంటంది.

అప్పుడు వీధి చివరి గురవమ్మవ్వ వచ్చింది కర్ర పట్టుకుని. 'అవ్వా, నేనేం తప్పు చేశా? అడిగినంతా ఇచ్చాగా!' అని ఏడ్చిందంట సుగుణ. ముసల్ది పక్కన కూచుని, 'పిచ్చిదానా, అడిగేవాళ్ళు సిగ్గుపడి తగ్గించి అడుగుతారే. పోసేవాళ్ళు ఆ సిగ్గు పోయేదాకా పొయ్యాలి. మీ అత్తకి నేను ఏనాడన్నా చెంబెడు అడిగానా? ఏనాడన్నా చెంబెడుకి తగ్గి తెచ్చుకున్నానా?' అంది.

అంతే, ఆ పిల్ల లేచింది. బిడ్డని అవ్వ ఒళ్ళో పెట్టి, మజ్జిగ కుండ చంకనెత్తుకుని, ఎండలో ఇంటింటికీ పోయి ఎవరి గిన్నె దొరికితే ఆ గిన్నె నిండా పోసిందంట. పోస్తా, 'అక్కా, ఒక్క ముద్దన్నా తినిపోండి, ఒక్క నిమిషమన్నా నా బిడ్డ కాడ నిలబడండి' అందంట. ఆ మాట వినగానే మాలకొండమ్మకి గుండె కరిగిపోయింది. ఇంకేముంది, ఒక్క ముద్దకి పిలిస్తే పిల్లాజెల్లా, ముసలీముతకా, ఇంటికి ఎనిమిదేసి మంది దిగారు! అన్నం మూడుసార్లు వార్చారంట. ఒక్క నిమిషానికొచ్చినోళ్ళు పొద్దుగూకిందాకా పాడతానే ఉన్నారు. బిడ్డకి అత్త పేరే పెట్టారు. మాలకొండమ్మ విస్తరి ముందు కూచుని, 'అమ్మే సుగుణా, మాక్సిమం ఎన్ని గరిటెలు?' అందంట. ఇల్లంతా ఒకటే నవ్వు. సుగుణ నవ్వతా ఏడుస్తా, కుండ వంచి పోసేసింది.

అదండీ సంగతి. ఆ సీసా మూతతో ఇప్పుడు సుగుణ కూతురు బొమ్మరిల్లు ఆడుకుంటందంట. సరే, చెప్పీ చెప్పీ నా గొంతెండిపోయింది, ఎవరన్నా చుక్క మంచినీళ్ళు పొయ్యండమ్మా. ఆఁ, చెంబుతోనే తే, తల్లీ.