మా అత్త పెట్టిన సమాచార కేంద్రం

లైబ్రరీకా? వెళ్దువుగానిలే, కాసేపు కూర్చోవే. ఆ లైబ్రరీ పేరెత్తితే నాకు మా మేనత్తే గుర్తొస్తుంది. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అక్కడ లైబ్రేరియన్‌గా చేసేది. మనిషి ఇంతే, గొంతు మాత్రం వీధి చివరిదాకా. అప్పట్లో ప్రభుత్వం దేశం మొత్తానికీ సమాచార విధానం అని ఒకటి తెచ్చింది. జనానికి ఏం తెలుసుకోవాలన్నా లైబ్రరీలే చెప్పాలిట. మిగతా ఊళ్లవాళ్లు ఆ కాగితాన్ని బీరువాలో పడేసి చేతులు దులుపుకున్నారు. మా అత్త మాత్రం అక్షరాలా నమ్మేసింది! గుమ్మానికి 'సమాచార కేంద్రం' అని బోర్డు కొట్టించింది. ఇంక చూస్కో జనం. రైలెప్పుడు, మందు సీసా మీద ఏం రాసుంది... ఒక ముసలావిడైతే, "మా కోడలు నా గురించి ఏమంటోందమ్మా?" అని అడిగింది. "అది ప్రభుత్వ సమాచారం కాదు పిన్నిగారూ, అయినా అడిగారు కాబట్టి" అంటూ చెప్పేసింది కూడా! ఆ ఇంట్లో చాన్నాళ్లు మాటల్లేవు.

ఆఁ, ఎక్కడున్నాను? నీళ్లు. కుళాయిలో నీళ్లెప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. ఆడవాళ్లు పనులు మానుకుని బిందెలకి కాపలా. అత్త వెళ్లి నీళ్ల ఇంజనీరుని అడిగింది. ఆయన ముక్కుతో మాట్లాడేవాడు: "అవన్నీ ఆఫీసు విషయాలమ్మా, బయటికి చెప్పకూడదు." ఈవిడ తిరిగొచ్చి గుమ్మం పక్క నల్లబల్ల మీద రాసింది, 'నీళ్లెప్పుడొస్తాయో ఇంజనీరుగారు చెప్పరు' అని. ఆయనకి ఒళ్లు మండి, పైవాళ్లకి చెప్పి లైబ్రరీకి తాళం వేయించాడు. మరమ్మతులట! అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. "ఉద్యోగం పోతే పోయిందిరా, అడగడానికొచ్చినవాళ్లు ఉత్తచేతుల్తో వెళ్తున్నారు" అని కళ్లొత్తుకుంది. మర్నాడు తనే తేరుకుని తాళం పక్కన చీటీ అంటించింది. 'సమాచారానికి ఇంజనీరుగారి ఇంటికి వెళ్లండి.' అడ్రసుతో సహా!

ఊరుకుంటారా జనం? ఆయన పళ్లు తోముకుంటుంటే ఒకడు రైలు టైము, కంచం ముందు కూర్చుంటే ఇంకొకడు మందు సీసా. ఆ కోడలు కూడా వెళ్లింది, "మా అత్తగారు ఏమంటోందండీ?" అని! చివరికి ఆయన భార్యే, "తాళం తీయిస్తారా, నన్ను పుట్టింటికి పొమ్మంటారా?" అందట. దాంతో ఆయనే తాళంచెవి పట్టుకొచ్చాడు, నీళ్లొచ్చే టైము కూడా రాసుకుని మరీ. అత్త ఒక్క మాట దెప్పితే ఒట్టు. "కూర్చోండి, పేపరొచ్చింది" అంది, అంతే.

ఆవిడ పోయిన రోజు మేం ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నాం, ఒక్కరూ రారే! ఇంతమందికి ఇంత చేసిన మనిషికి ఇదా అనుకున్నా. తీరా చూస్తే ఊరంతా లైబ్రరీ ముందు నిలబడుంది. ఎన్నింటికి తీసుకెళ్తారో అక్కడ కనుక్కుందామని...

ఆ ఫ్యాను కాస్త తగ్గించవే.