అన్ని మంత్రాలూ ఒకేచోట

తాళాలు బాగుచేసే బావ కొట్టు. తాళంచెవులు అరగదీసే మర పక్కన లావుపాటి కొత్త పుస్తకం. ఆదివారాలు ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో, తలో పాత్రా తీసుకుని కథలా ఆడే మాంత్రికుల ఆటను నడిపేది బామ్మర్ది. అతను ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు.

“వద్దంటే వద్దు బావా. ఈ ఆదివారం ఇది బల్ల మీదికి రాకూడదు.”

“ముందు అట్ట చూడరా. ‘అన్ని మంత్రాలూ ఒకేచోట’. పది పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉన్నవి ఏరి ఒకచోట కుట్టి పెట్టారు.”

“ఆ పదీ నీ దగ్గర ఉన్నాయిగా.”

“ఉన్నాయి... ఉన్నాయనుకో. పది పెట్టెల్లో వెతుక్కోవడం మేలా, ఒక్క గుత్తి పట్టుకోవడం మేలా? తాళాలవాణ్ణి, నాకు చెప్తావా?”

“గుత్తి మరీ పెద్దదైతే, ఒక్కో చెవీ పెట్టి చూసేలోపు లోపలివాళ్ళు లేచి కాఫీ కూడా తాగేస్తారు. పోయినవారం నువ్వు చేసిందదే.”

“పోయినవారం ఆలోచించాను.”

“ఆటలో డ్రాగన్ నోరు తెరిచింది. ‘నీ వంతు బావా’ అన్నాను. పేజీలు తిప్పడం మొదలెట్టావు. అక్క వెళ్ళి బట్టలు ఆరేసి వచ్చింది. నువ్వింకా తిప్పుతూనే ఉన్నావు.”

“రెండు మంత్రాలు దగ్గరదగ్గరగా ఉన్నాయిరా. ఒకటి నిప్పునుంచి కాపాడేది, ఇంకోటి వేడినుంచి.”

“చివరికి ఏది వేశావు?”

“...దీపం వెలిగించేది.”

“పట్టపగలు.”

“కంగారులో అదొక్కటే గుర్తొచ్చింది. మొదట్నుంచీ నాకొచ్చింది అదొక్కటేగా. పుస్తకం లావైతే బుర్రా లావవుతుందనుకున్నా. అట్ట మీద ఆ మాట రాయలేదు, నాదే పొరపాటు.”

“అందుకే అంటున్నా...”

“అందుకే ఈసారి గుర్తులు పెట్టుకొచ్చా. చూడు, ఎన్ని కాగితం ముక్కలో. ఇప్పుడు తెరవనీ దాని నోరు.”

“బావా.”

“తెరవనీ అంటున్నా.”

“నీ మాంత్రికుడు చచ్చిపోయాడు బావా.”

“ఎప్పుడు?”

“పోయినవారం. నువ్వు పేజీలు తిప్పుతుండగా.”

“మరి నేను దీపం వెలిగించానుగా?”

“ఆ వెలుగులోనే అందరం శవాన్ని చూశాం. అక్కే చెప్పొద్దంది. పాపం, ముచ్చటపడి కొనుక్కున్నారు, కాసేపు చూసుకోనీ అంది.”

“మీ అక్క అందా ఆ మాట?”

“అనడమే కాదు. ఆటలో తనది వైద్యురాలి వేషం కదా, నిన్ను బతికిస్తానంది. నేనూ సరేనన్నా. చచ్చినవాణ్ణి బతికించే మంత్రం ఒకటుంది, అందులో ఎలా రాసుంటే అలా చేద్దాం.”

“అంతేనా. అన్నీ ఉన్న పుస్తకంరా ఇది. అక్షరాల వరసలో... ఇదిగో, బండి లాగేది... బరువు తగ్గించేది... బల్లిగా మార్చేది...”

“బతికించేది బండికీ బరువుకీ మధ్య ఉండాలే.”

“ఉండాలి. లేదు.”

“ముందుమాట చదివావా?”

“ముందుమాట ఎవడు చదువుతాడ్రా? ఉండు. ‘మొదటి పుస్తకంలోని మంత్రాలు ఆడేవాళ్ళందరి దగ్గరా ఉంటాయి కనుక ఇందులో మళ్ళీ వేయలేదు.’”

“హమ్మయ్య. అయితే నీ పదింటిలో ఆ మొదటిది తీయి. మనందరికీ కలిపి ఉన్నది అదొక్కటే. అక్క కాలేజీ రోజుల్లో కొనుక్కుంది, పెళ్ళయ్యాక మీ ఇంటికి తెచ్చుకుందే, అది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? ఎక్కడుంది?”

“ఇది కొన్నాక అల్మరాలో చోటు చాల్లేదురా.”

“చాలకపోతే?”

“అన్నీ ఒకేచోట ఉన్నాయని రాశారుగా. నమ్మాను. పదీ కట్టగట్టి పాత పేపర్లవాడికి వేసేశా.”

“అక్కకి తెలుసా?”

“తెలీదు. ఒరేయ్, ఆ మాంత్రికుడి శవం పక్కన ఇంకొకడికి చోటుంటుందా?”